వేగమా, బాగుచేసుకునే వీలా? - ఒక మండీ లెక్కల కథ

(తృతీయ బి.యస్సీ., కంప్యూటర్ సైన్సు)

మామిడికాయల కాలంలో బంగారుపాళ్యం చూడని మిత్రులకు ముందుగా ఒక మాట చెప్పాలి. జూన్ నెల వచ్చిందంటే చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారి పొడుగునా ట్రాక్టర్లే. తోతాపురి, బేనీషా, నీలం, మల్లిక - ఏ బండి చూసినా కాయలే. మండీల్లో నడిరాత్రి కూడా దీపాలు ఆరవు. కాటా మీద తూకం, గుమాస్తా చేతి చీటీ, అడ్వాన్సు పద్దులో కోత, మిగిలింది రైతు చేతికి. ఇదీ మాకు తాతలనాటి నుంచి తెలిసిన వరస. ఈ వరసలోకి ఇప్పుడు కంప్యూటరు వచ్చింది. ఒక మండీలోకి దాన్ని తెచ్చినవాళ్ళలో నేనొకణ్ణి. అందులో జరిగిన ఒక పొరపాటులో సగం పాలు కూడా నాదే. ఆ పొరపాటు గురించి, దాని వెనకవున్న శాస్త్రం గురించి నాలుగు మాటలు రాస్తే మన కళాశాలలో ప్రాజెక్టులు చేసే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పనికి వస్తుందేమోనని ఈ వ్యాసం.

వెబ్ అప్లికేషను అంటే ఏమిటో ఈనాడు ఎవరికీ చెప్పనక్కరలేదు. రైలు టిక్కెట్టు, కరెంటు బిల్లు, పరీక్ష ఫలితాలు, తిరుమల దర్శనం టిక్కెట్టు అన్నీ దానిమీదే. ఐతే అలాటి దాన్ని ఎవరూ మొదటి ఇటుక నుంచి కట్టరు. ఫ్రేమ్‌వర్కు అనే తయారు చట్రాన్ని తీసుకుని అందులో తమ పని అమర్చుకుంటారు. ఫ్రేమ్‌వర్కు అంటే ఏమిటని మా చిన్నాయన అడిగితే నేను మండీనే ఉదాహరణగా చెప్పినాను. బండి గేటులోకి రావడం, తూకం, కాయ ఏరడం, రేటు పాడడం, చీటీ రాయడం - ఈ క్రమం మండీది. కొత్తగా పనిలో చేరినవాడు క్రమాన్ని సృష్టించడు. తన వంతు వచ్చినప్పుడు మండీ వాణ్ణి పిలుస్తుంది, వాడు తన పని చేసి పక్కకు తప్పుకుంటాడు. ఫ్రేమ్‌వర్కు కూడా అంతే. మనం రాసిన ప్రోగ్రాము దాన్ని పిలవదు, అదే మన ప్రోగ్రామును పిలుస్తుంది. మామూలు లైబ్రరీకి, ఫ్రేమ్‌వర్కుకు వున్న ముఖ్యమైన తేడా ఇదే.

మేము వాడింది జాంగో అనే ఫ్రేమ్‌వర్కు. పైథాను భాషలో రాసినది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే వూళ్ళో ఒక వార్తాపత్రిక ఆఫీసులో పుట్టింది. గంటల గడువులో వార్తల పేజీలు తయారుచేయాల్సి వచ్చిన ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ అనేవాళ్ళు 2003లో దాన్ని మొదలుపెట్టారు. 2005లో అందరికీ ఉచితంగా విడుదల చేశారు. దాని తోబుట్టువులాంటిదే రూబీ ఆన్ రైల్స్. డెన్మార్కు దేశస్థుడు డేవిడ్ హైన్‌మైయర్ హాన్సన్ 2004లో దాన్ని లోకానికిచ్చాడు. రెంటి వుద్దేశమూ ఒక్కటే: మనిషి సమయం పొదుపు చేయడం, అవసరమైతే యంత్రం సమయం కొంత ఖర్చైనా సరే. ఈ 'ఐనా సరే' అనే మాట దగ్గరే తగాదా అంతా.

ఒక పేజీ కావాలని మనం నొక్కగానే ఏం జరుగుతుందో క్లుప్తంగా చెప్తాను. ఆ కోరిక తీగలగుండా సర్వరుకు చేరుతుంది. ఫ్రేమ్‌వర్కు దాని చిరునామా చూసి ఏ ఫంక్షనుకు పంపాలో తేలుస్తుంది. మధ్యలో కాపలాదారుల్లాంటి అంచెలు వుంటాయి: లాగిన్ అయిన మనిషేనా, పంపిన ఫారం మనదేనా అని చూస్తాయి. తరువాత మన ఫంక్షను డేటాబేసును అడుగుతుంది. వచ్చిన సమాచారాన్ని పేజీ నమూనాలో పోసి తిరిగి పంపుతుంది. ప్రతి అంచెకూ కొంత కాలం పడుతుంది. తీగల సంగతికి భౌతికశాస్త్రం చాలు. గాజుతీగలో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. సర్వరు ముంబైలో వుండి దారి వెయ్యి కిలోమీటర్లు అనుకుంటే పోవడానికి 5 మిల్లీసెకన్లు, రావడానికి 5. దీన్ని తగ్గించడం ఏ ప్రోగ్రామరు వల్లా కాదు.

ఇక మా కథ. 2024 వేసవి సెలవుల్లో నేనూ, నా క్లాసు మిత్రుడొకడూ కలిసి మా వూరికి దగ్గరి ఒక మండీకి చీటీల ప్రోగ్రాము రాశాం. రైతు పేరు, కాయ రకం, తూకం, రేటు, అడ్వాన్సు. మే నెలలో బాగానే నడిచింది. జూన్ సగానికి వచ్చేసరికి చీటీల జాబితా పేజీ తెరవడానికి 9 సెకన్లు పట్టసాగింది. తొమ్మిది సెకన్లే గదా అనుకోవచ్చు. కాని గుమాస్తా ఒక్కో బండికి ఆ పేజీని నాలుగుసార్లు తెరవాలి, అంటే 36 సెకన్లు. రద్దీవేళ నిమిషానికో బండి వస్తుంది. పేరు అడగడానికి, తూకం టైపు చేయడానికి, చీటీ చించి ఇవ్వడానికి ఇక 24 సెకన్లే మిగిలాయి. వరస పెరిగింది. ఎండలో కాయ మెత్తబడుతుంది, బండి బాడుగ పెరుగుతుంది, రైతుకు కోపం వస్తుంది. "ఆ పెట్టె తీసి అవతల పారేసి నోటుబుక్కు తీయండప్పా" అని ఒక పెద్దాయన అరిస్తే సావుకారు మా ఇద్దరి వంక చూసిన చూపు నాకింకా గుర్తే.

ఆ రాత్రి మేమిద్దరం ఒక తీర్మానానికి వచ్చాం: జాంగో నెమ్మది. అలా అనుకోవడానికి ఆధారం కూడా వుంది గదా! టెక్‌ఎంపవర్ అనే సంస్థ 2013 నుంచి ఫ్రేమ్‌వర్కులకు పరుగుపందెం పెట్టి పట్టికలు ప్రకటిస్తూ వచ్చింది. ఆ పట్టికల్లో తేలికపాటి చట్రాలు జాంగో, రైల్స్ వంటి బరువైనవాటిని ఎన్నోరెట్లు దాటిపోతాయి. పట్టిక చూశాం, నమ్మాం. రెండు రాత్రులు కూర్చుని ఫ్రేమ్‌వర్కులోని డేటాబేసు అంచెను, పేజీ నమూనాలను పక్కకు తోసి, ఎస్‌క్యూఎల్ భాషలో ప్రశ్నలు నేరుగా చేత్తో రాశాం. పేజీ మాటలను కూడా ముక్కలు ముక్కలుగా అతికించాం. పేజీ 0.4 సెకనులో తెరుచుకుంది. సావుకారు మాకు బిరియాని పెట్టించాడు. మేము గొప్పవాళ్ళమనుకున్నాం.

అసలు సంగతి సంవత్సరం తరువాతగాని తెలియలేదు. మా అధ్యాపకులొకరు పాత ప్రోగ్రామును మళ్ళీ తెరిపించి, "ముందు కొలవండి, తరువాత తిట్టండి" అన్నారు. కొలిచాం. ఆ రోజు జాబితాలో 412 చీటీలున్నాయి. ప్రతి చీటీకి రైతు పేరు కోసం ఒక ప్రశ్న, కాయ రకం కోసం ఒకటి, అడ్వాన్సు కోసం ఒకటి - మొత్తం 1,236. జాబితా కోసం మొదట అడిగినది కలిపితే 1,237 సార్లు మా ప్రోగ్రాము డేటాబేసు గుమ్మం తొక్కింది. పేరుకు 1 మిల్లీసెకను, రకానికి 1, అడ్వాన్సుకు 19. చీటీకి 21 చొప్పున 412 చీటీలకు 8,652 మిల్లీసెకన్లు. అంటే 9 సెకన్లలో ఎనిమిదిన్నరకు పైగా ఇక్కడే పోయింది. మేము తిట్టిపోసిన ఫ్రేమ్‌వర్కు తిన్నది 300 మిల్లీసెకన్లు మాత్రమే. దాని పనిని పదిరెట్లు వేగం చేసినా ఆదా అయ్యేది 270. తొమ్మిది సెకన్లు ఎనిమిదీ ముప్పావు దగ్గరికి వచ్చేది, అంతే. మొత్తంలో చిన్న భాగాన్ని ఎంత వేగం చేసినా మొత్తం వేగం పెద్దగా పెరగదని జీన్ ఆమ్డాల్ అనే ఇంజనీరు 1967లోనే చెప్పాడు. ఆ సూత్రం సిలబస్‌లో చదివి మార్కులు కూడా తెచ్చుకున్నాం. మండీలో గుర్తు రాలేదు.

అన్నిసార్లు గుమ్మం ఎందుకు తొక్కింది? ఇక్కడే ఫ్రేమ్‌వర్కు ఇచ్చే సుఖం, అది తెచ్చే కష్టం రెండూ ఒకేచోట కనిపిస్తాయి. జాంగోలో చీటీ తరువాత చుక్క పెట్టి రైతు, మళ్ళీ చుక్క పెట్టి పేరు అని రాస్తే చాలు, పేరు వచ్చేస్తుంది. చదవడానికి ఎంత హాయి! కాని ఆ చుక్క వెనక డేటాబేసు దాకా ఒక ప్రయాణం దాగివుంది. ఆ చుక్కను 412సార్లు తిరిగే లూపులో పెడితే 412 ప్రయాణాలు. పచారీ కొట్టుకు వెళ్ళి ఉప్పు తెచ్చి, మళ్ళీ వెళ్ళి పప్పు తెచ్చి, మళ్ళీ వెళ్ళి చింతపండు తెచ్చినట్టు. చీటీ రాసుకుని ఒక్కసారి పోయి అన్నీ తేవచ్చు గదా. జాంగోలోనే అందుకు సెలెక్ట్ రిలేటెడ్ అనే ఒక మాట వుంది. అది రాస్తే చీటీలూ, పేర్లూ, రకాలూ ఒకే ప్రయాణంలో వస్తాయి. మాకు ఆ మాట తెలియదు. తెలియనిది మాకు, తిట్లు దానికి.

అడ్వాన్సుకు 19 మిల్లీసెకన్లు ఎందుకంటే, ఆ పట్టికలో పాత సంవత్సరాల పద్దులు కూడా ఎక్కించగా సుమారు 60 వేల వరసలున్నాయి. మేము ఖాతా నంబరుతో వెతికేవాళ్ళం, దానికి ఇండెక్సు పెట్టలేదు. అంచేత ప్రతిసారీ 60 వేలూ మొదటినుంచి చివరిదాకా చూడాల్సిందే. క్రమంలో పేర్చి సగానికి సగం కొట్టేసుకుంటూ వెతికితే పదహారు పోలికల్లో దొరుకుతుంది. డేటాబేసులు ఇందుకు బీ-ట్రీ అనే చెట్టును వాడతాయి. బోయింగ్ సంస్థ పరిశోధనశాలలో పనిచేసిన రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్రైట్ యాభై ఏళ్ళకు ముందే దాన్ని కనిపెట్టారు. మనం చేయవలసింది ఒక్క లైను రాయడమే.

అంటే చేతిరాత ఎస్‌క్యూఎల్ వల్ల మాకు వచ్చిన వేగంలో దాదాపు అంతా పన్నెండు వందల ప్రశ్నలు ఒకటి అయినందువల్ల వచ్చిందే. ఫ్రేమ్‌వర్కును తోసేసినందువల్ల వచ్చింది కాదు. కారణం తప్పు, ఫలితం ఒప్పు. పరీక్షలో ఇలాటిదానికి మార్కులు పడతాయి. బయట పడవు.

2025 వచ్చింది. ఆ సంవత్సరం తోతాపురి సంగతి జిల్లాలో తెలియనివారు లేరు. కాపు విరగకాసింది, ధర పడిపోయింది. కిలోకు 12 రూపాయలు రైతుకు అందేలా గుజ్జు ఫ్యాక్టరీలు 8 ఇవ్వాలని, తాను 4 రూపాయలు ఇస్తానని ప్రభుత్వం ప్రకటించింది. ఆ నాలుగు మండీ చేతిమీదుగా రావు, రైతు బ్యాంకు ఖాతాలో పడాలి. ఐనా చీటీ మీద ఆ నాలుగు విడిగా కనబడాలని మా సావుకారు కోరాడు. రైతుకు లెక్క తెలుస్తుందని ఆయన వుద్దేశం, మంచిదే. "చిన్న మార్పే గదా తమ్ముడూ, సాయంకాలానికి చేసేయ్" అన్నాడు.

చిన్న మార్పే. కాని మేము చేత్తో రాసిన ప్రోగ్రాములో తూకాన్ని రేటుతో గుణించే లెక్క ఐదుచోట్ల వుంది: చీటీలో, చీటీ నకలులో, రోజు జాబితాలో, నెల లెక్కలో, అడ్వాన్సు కోతలో. ఫ్రేమ్‌వర్కు పద్ధతిలో వుంటే ఆ లెక్క ఒక్కచోట వుండి, ఐదు పేజీలూ దాన్నే అడిగేవి. వేగం మోజులో మేము ప్రతి పేజీకి దాని ఎస్‌క్యూఎల్‌లోనే గుణకారం పెట్టేశాం. అందులో సగం రాసిన నా మిత్రుడు అప్పటికి బెంగుళూరులో వుద్యోగానికి పోయినాడు. ఫోను చేస్తే, "ఏమోరా, ఆ రాత్రి నిద్రమత్తులో రాసినాను, నాకే గుర్తు లేదు" అన్నాడు. పక్కన ఒక్క వివరణ వాక్యం కూడా రాసిపెట్టుకోలేదు. నేను వెతికి నాలుగుచోట్ల సరిచేశాను. ఐదోది, అడ్వాన్సు కోత, కంటబడలేదు. అక్కడ మండీ రేటూ, ప్రభుత్వం నాలుగూ కలిసిపోయి రైతుకు జమ పడసాగాయి.

దెబ్బ తగిలినవాళ్ళలో మా చిన్నాయన ఒకడు. ఆయన తోలింది 3,200 కిలోలు. ఆనాటి మండీ రేటు 6 రూపాయలు, అంటే 19,200. ప్రభుత్వం నుంచి రావలసింది 12,800. మండీలో ఆయన తీసుకున్న అడ్వాన్సు 24,000. సరైన లెక్క ప్రకారం 19,200 కోసుకోగా ఆయనే ఇంకా 4,800 బాకీ. ప్రోగ్రాము మాత్రం 32,000 జమ కట్టి, బాకీ పూర్తిగా తీరిందని చూపి, ఇంకా 8,000 ఇవ్వాలంది. గుమాస్తా ఇచ్చేశాడు. చిన్నాయన ఆ డబ్బు పెట్టి ఎరువు తెచ్చుకున్నాడు, చెల్లెలికి కాలేజీ ఫీజు కట్టినాడు. మూడు వారాలకు సావుకారు పద్దు చూసుకుని ఒక్కొక్క రైతును పిలిపించాడు. ఇలాటివాళ్ళు 23 మంది తేలారు. అందరి దగ్గరా తేడా ఒకే తీరున వుంది: తూకం ఇంటూ నాలుగు. చిన్నాయనది 8,000, 4,800 కలిపి సరిగ్గా 12,800. ఆ తీరు చూసే తప్పు ఎక్కడుందో పట్టుకోగలిగాను.

మండీలో నలుగురి ముందు పిలిపించి డబ్బు తిరిగి ఇమ్మంటే మానంగల మనిషికి ఎట్లా వుంటుంది? ఆయన ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని, "ఏరా అబ్బోడా, నీ కంప్యూటరు నన్ను ముందు అప్పు లేనోణ్ణి చేసి, మల్లా దొంగను చేసిందే!" అన్నాడు. కేకలు వేసివుంటే బాగుండేది. నెమ్మదిగా అన్నాడు. ఆ వారం నేను ఆయన ఇంటి వైపు పోలేదు. ఈ వ్యాసంలో 0.4 సెకను గురించి నేను ఏం రాసినా దాని పక్కన ఈ మాట కూడా వుందని పాఠకులు గుర్తుంచుకోవాలి.

మా నాయనకు కంప్యూటరు రాదు. బోరు మోటారు కొనేటప్పుడు మాత్రం ఆయన పద్ధతి నేను చిన్నప్పటినుంచి చూస్తున్నాను. చిత్తూరులో అంగడివాడు ఎక్కువ నీళ్ళు తోసే మోటారు చూపిస్తాడు. ఈయన ఒకే ప్రశ్న వేస్తాడు: "రిపేరొస్తే ఈడ ఎవురు చేస్తారు?" నీళ్ళు రొంత తక్కువ వచ్చినా పరవాలేదు, సామాను బంగారుపాళ్యంలో దొరకాలి, విప్పేవాడు పిలిస్తే గంటలో రావాలి. కాయ దిగే నెలలో మోటారు వారం రోజులు ఆగితే ఆ ఎక్కువ నీళ్ళు ఎవరిక్కావాలి? బాగుచేసుకునే వీలు అని మనం పుస్తకాల్లో చదివేది ఇదే. రాసినవాడు లేనప్పుడు, ఇంకొకడు వచ్చి, ఎంతసేపట్లో అర్థం చేసుకుని, ఇంకోటి చెడగొట్టకుండా మార్చగలడు?

మన రాష్ట్రంలో మార్పులు అడిగి రావు కూడా. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. తిరుపతి చిత్తూరు జిల్లాలోంచి వేరుపడి తానే జిల్లా అయింది. మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరింది. జిల్లా పేరును ప్రోగ్రాములో పాతికచోట్ల నేరుగా రాసుకున్నవాడి గతి వూహించుకోండి. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్ల అంతస్తులు మారాయి. పన్ను శాతాన్ని ఒకచోట పెట్టుకున్నవాడు టీ తాగేలోగా మార్చుకున్నాడు. మిగతావాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు.

ఐతే వేగం అక్కరలేదని నేను అనడం లేదు. అది కూడా తప్పే. తిరుమల 300 రూపాయల ప్రత్యేక దర్శనం టిక్కెట్లు ఆన్‌లైనులో వదిలే వేళ తీసుకోండి. వూరికే లెక్కకోసం మొదటి నిమిషంలో 3 లక్షల మంది వస్తారనుకుందాం. సెకనుకు 5,000. ఒక్కొక్కరి పనికి అర సెకను పడితే ఏ క్షణంలో చూసినా లోపల 2,500 మంది వుంటారు. వచ్చే వేగాన్ని వుండే కాలంతో గుణిస్తే లోపలివాళ్ళ సంఖ్య వస్తుందనే ఈ సూత్రాన్ని జాన్ లిటిల్ 1961లో రుజువు చేశాడు. పనికి 5 సెకన్లు పట్టిందో, లోపల 25,000 మంది. జ్ఞాపకశక్తి నిండిపోయి సర్వరు కూలుతుంది. మరి కొండమీద ఏం చేస్తారు? భక్తులందర్నీ ఒక్కసారి మహాద్వారం దగ్గరికి వదలరు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంట్లలో కూర్చోబెట్టి, ముందు ఖాళీ అయినకొద్దీ వదులుతారు. కంప్యూటరులో కూడా అదే మందు: బయట ఒక వరస కట్టించడం, అందరూ అడిగే ఒకే సమాచారాన్ని ముందే తయారుచేసి చేతికందేచోట పెట్టడం. ఫ్రేమ్‌వర్కు మార్చడం ఆ తరువాతి మాట. కోవిడ్ టీకాల కోసం 2021 ఏప్రిల్ 28న 18 ఏళ్ళు దాటినవాళ్ళకు కోవిన్‌లో పేర్ల నమోదు తెరిస్తే మొదటి రోజే కోటిమందికి పైగా నమోదయ్యారు. రైల్వేవాళ్ళు 2014లో ఈ-టిక్కెట్ల కొత్త ఏర్పాటు పెట్టినప్పుడు నిమిషానికి 2,000గా వున్న టిక్కెట్ల శక్తి 7,200కు పెరిగింది. అలాటిచోట మిల్లీసెకన్లకు విలువ వుంది.

ప్రపంచంలో పెద్దవాళ్ళు ఈ తూకం ఎలా వేశారో చూస్తే ముచ్చటగా వుంటుంది. ట్విట్టర్ 2006లో రైల్స్ మీద మొదలైంది. జనం పెరిగాక తరచు కూలేది. 2011లో తమ వెతుకులాట విభాగం ముందుభాగాన్ని రైల్స్ నుంచి జావాకు మార్చి మూడురెట్లు వేగం సాధించారు. కాని అప్పటికి వాళ్ళకు రోజుకు వందకోట్ల పైచిలుకు ప్రశ్నలు వచ్చేవి, అలా మార్చడానికి ఇంజనీర్ల దండు వుంది. రైల్స్ మీద తొందరగా కట్టుకోబట్టే ఆ వందకోట్ల దాకా వచ్చారనేది నా వుద్దేశం. ఫేస్‌బుక్ వాళ్ళది ఇంకో తెలివి. వేలాది పేజీలు పీహెచ్‌పీ భాషలో రాసివున్నాయి, అది నెమ్మది. మనుషుల చేత తిరగరాయించే బదులు పీహెచ్‌పీని సీ++ లోకి మార్చే హిప్‌హాప్ అనే యంత్రాన్ని తయారుచేసి 2010లో ప్రకటించారు. రాసేవాడి భాష మారలేదు, అడుగున వేగం మారింది. ఇన్‌స్టాగ్రామ్ మేము వాడిన జాంగో మీదనే కోట్లమందికి పెరిగింది. నాకు అన్నిటికంటే నచ్చింది స్టాక్ ఓవర్‌ఫ్లో వాళ్ళ దారి. డేటాబేసు అంచె బరువైందని తోచినప్పుడు వాళ్ళు మొత్తం ఫ్రేమ్‌వర్కును పారేయలేదు. 2011లో డాపర్ అనే సన్నని పనిముట్టు తయారుచేసుకున్నారు. వేడెక్కినచోట చేతిరాత ఎస్‌క్యూఎల్, మిగతాచోట్ల మామూలు పద్ధతి.

డొనాల్డ్ నూత్ అనే పండితుడు 1974లో రాసిన ఒక వ్యాసంలో, చిన్న చిన్న ఆదాల గురించి నూటికి 97 పాళ్ళు మరిచిపొమ్మని, మిగిలిన మూడు పాళ్ళను మాత్రం వదలవద్దని అన్నాడు. మనవాళ్ళు మొదటి సగమే పట్టుకుని, నెమ్మదిగా నడిచే ప్రతి ప్రోగ్రాముకూ దాన్ని అడ్డం పెడతారు. ఆ మూడు పాళ్ళు ఎక్కడున్నాయో కొలిస్తేనే తెలుస్తుంది. మేము కొలవలేదు, అదే మా నేరం. ఎస్‌క్యూఎల్ నేరం కాదు. శ్రద్ధగా ఒకచోట పెట్టి రాస్తే చేతిరాత ఎస్‌క్యూఎల్‌ను కూడా ఎవరైనా చదువుకోవచ్చు.

ఫ్రేమ్‌వర్కును పక్కకు తోస్తే పోయేది ఇంకొకటి వుంది, దాన్ని మేము అప్పట్లో గమనించనే లేదు. టైపు చేసిన పేరును నేరుగా ఎస్‌క్యూఎల్‌లో అతికిస్తే, పేరుకు బదులు ఎవడైనా ఒక ఆజ్ఞ టైపు చేసి పట్టికనే చెరిపేయవచ్చు. ఫ్రేమ్‌వర్కు అంచెలో ఆ కాపలా ముందే వుంటుంది. మేము కాపలావాణ్ణి పంపించేసి, తలుపు త్వరగా తెరుచుకుంటోందని మురిసిపోయాం.

ఇక్కడ రెండో పక్షం మాట కూడా చెప్పాలి. ఫ్రేమ్‌వర్కులు చిరంజీవులు కావు. గూగుల్‌వారి యాంగ్యులర్ జేఎస్‌ను నమ్ముకుని కట్టినవాళ్ళు 2021 చివరితో దానికి మద్దతు ఆగిపోయేసరికి మళ్ళీ రాసుకోవలసి వచ్చింది. పైథాను రెండో తరానికి 2020 జనవరి 1న చెల్లుచీటీ పడింది. అంచేత ఎన్నుకునేటప్పుడు పరుగుపందెం పట్టిక కంటే ముందు, ఎన్నేళ్ళ మద్దతు రాసి ఇస్తున్నారో చూడాలి. జాంగోలో కొన్ని ముద్రణలకు మూడేళ్ళపాటు భద్రతా సవరణలు వస్తాయి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 5.2 అలాటిదే, దానికి 2028 ఏప్రిల్ దాకా హామీ వుంది. మన దగ్గర ఆ భాష తెలిసిన పిల్లలు ఎంతమంది వున్నారన్నది కూడా లెక్కలోకి రావాలి. మా నాయన అడిగే మెకానిక్కు ప్రశ్నే అది.

సీజను అయ్యాక నేనూ, మా జూనియర్లిద్దరూ కూర్చుని ప్రోగ్రామును మళ్ళీ జాంగో పద్ధతిలోకి తెచ్చాం. లెక్క ఒక్కచోట. పేర్లూ రకాలూ ఒకే ప్రశ్నలో, అడ్వాన్సులు అన్నీ కలిపి ఇంకో ప్రశ్నలో, ఖాతా నంబరుకు ఇండెక్సు. పేజీ ఇప్పుడు 0.6 సెకనులో తెరుచుకుంటుంది. చేతిరాత దానికంటే 0.2 ఎక్కువ. బండికి నాలుగుసార్లు చొప్పున 0.8 సెకను. నిమిషానికో బండి వచ్చేచోట ఆ 0.8 సెకను గుమాస్తాకు తెలియను కూడా తెలియదు. ఇదే ప్రోగ్రాము తిరుమల టిక్కెట్లకైతే నేను ఆ 0.2 కోసం కూడా పోట్లాడేవాణ్ణి. మండీకి పోట్లాడను.

చిన్నాయన 12,800 తిరిగి సర్దడానికి సావుకారు రెండు నెలలు గడువిచ్చాడు. ప్రభుత్వం డబ్బు ఖాతాలో పడ్డాక ఆయన కట్టేశాడు. కొత్త ప్రోగ్రాములో ఏ మార్పు చేసినా ముందుగా దానంతటదే నడిచే పరీక్షలు కొన్ని రాసిపెట్టాం. లెక్క తప్పితే ప్రోగ్రాము మండీకి పోనే పోదు. వాటిలో మొదటి పరీక్షకు సంఖ్యలు నేను వెతుక్కోనక్కర లేకపోయింది. తూకం 3,200, రేటు 6, ప్రభుత్వం 4, అడ్వాన్సు 24,000. రావలసిన జవాబు: రైతు బాకీ 4,800. మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు ఫోనులో ఆ వరస చూపిస్తే చిన్నాయన కళ్ళద్దాలు తెచ్చుకుని, నా నోటుబుక్కు వెనక పెన్సిలుతో తానే గుణకారం వేసి చూసుకున్నాడు.